కోటిలింగం దాచిన స్విచ్చి

మద్రాసు కాశిమేడు రేవులో సాయంత్రమైతే అందరూ బోట్లను గుంజలకు కట్టి ఇళ్లకు పోతారు. కోటిలింగం మాత్రం కట్టిన ముడిలో నల్ల దారప్పోగు ఒకటి ఇరికించి పోయేవాడు. పొద్దున రాగానే ముందు ఆ పోగు కోసం వెతికేవాడు. అది పెట్టినచోట పెట్టినట్టే ఉంటే రాత్రి తన బోటు జోలికి ఎవరూ రాలేదన్నమాట. లేకపోతే, గాలికి పోయిందిలే అనుకునే మనిషి కాదు. ఆ రోజంతా పక్క బోట్లవాళ్ల చేతులకేసి చూస్తూ గడిపేవాడు.

ఇంజను ప్లగ్గును ఊడదీసి టిఫిను డబ్బాలో వేసుకొని ఇంటికి తెచ్చేవాడు. ప్లగ్గు లేనిదే ఇంజను పలకదు గదా. ఆయన భార్య మంగ రోజూ ఆ డబ్బా మూత తీసి, ముక్కు చిట్లించి, ప్లగ్గును కిటికీలో పెట్టి, ఆ తర్వాతే డబ్బా తోమేది. పెళ్లయిన కొత్తలో ఆమె చేసిన చేపల పులుసు వాసన ఎరిగిన డబ్బా, చివరికి పెట్రోలు వాసనకే అలవాటుపడింది.

పుట్టుకతోనే ఆయన అట్లాంటివాడు కాదు. తండ్రి హార్బరులో సామాన్ల పడవ తోసినవాడు. తల్లి అలమేలు పేరునే కోటిలింగం తన బోటుకు పెట్టుకున్నాడు. ఎనభై ఆరులో ఒక రాత్రి ఆ బోటు ఇంజనును ఎవరో ఎత్తుకుపోయారు. నాలుగు నెలలకు అది పులికాట్ సరస్సు దగ్గర, పళవేర్కాడు వైపు ఇంకొక బోటుకు, ఇంకొక రంగులో కనిపించింది. చూడగానే పోల్చుకున్నాడు. పోలీసు స్టేషనులో వాళ్లు అడిగింది ఒకటే మాట. నీదనేదానికి గుర్తేదీ? ఆయన దగ్గర గుర్తు లేదు. పన్నెండేళ్లు నీళ్ల మీద ఆయనను మోసిన ఇంజను ఆయన కళ్లముందే ఇంకొకరి చేతికి పోయింది.

ఆనాటి నుంచి ప్రతిదానికీ గుర్తు పెట్టాడు. మంగ గోళ్ల రంగు సీసా తీసుకుని బోల్టుకొక ఎర్రచుక్క, నట్టుకొక ఎర్రచుక్క పెట్టాడు. క్రమంగా అది ఇంట్లోకి వచ్చింది. గొడుగు పిడి, చెప్పుల అడుగు, నీళ్ల బిందె అంచు, అన్నిటికీ చుక్క పడింది. నా నుదుట కూడా ఒకటి పెట్టెయ్, తిరునాళ్లలో తప్పిపోతే స్టేషనులో చూపించుకోవచ్చని మంగ ఎగతాళి చేస్తే, ఆయన నవ్వకుండా, నిన్నెవరూ ఎత్తుకపోరులే అన్నాడట. మంగ రెండు రోజులు మాట్లాడలేదు.

ఎర్రచుక్కలు అందరికీ తెలుసు. తెలియనిది ఒకటుంది. తర్వాత కొన్న పదిహేను గుర్రాల ఇంజనుకు ఆయన సొంతంగా ఒక దొంగ స్విచ్చి పెట్టుకున్నాడు. ఇంజనును ఆపే వైరు నుంచి ఒక తీగె లాగి, ముందు వైపు కూచునే పలక కింద, చెయ్యి మోచేతిదాకా దూర్చితేగాని అందని చోట బిగించాడు. దాన్ని నొక్కి పెడితే ఇంజనులో పుట్టిన నిప్పు భూమిలోకి పోయినట్టు పోతుంది. ప్లగ్గు ఉన్నా, పెట్రోలు ఉన్నా, తాడు ఎంత లాగినా ఇంజను పలకదు. ఈ సంగతి మంగకు కూడా చెప్పలేదు.

తొంభై ఎనిమిదిలో ఎన్నూరు దగ్గర కొత్త రేవు పనులు సాగుతున్నాయి. సముద్రం లోతు కొలిచే కంపెనీ ఒకటి ఏడాది పొడుగునా ఒక బోటు కావాలని కాశిమేడులో అడిగింది. అప్పటికి కోటిలింగానికి యాభై ఎనిమిదేళ్లు. లంగరు వేసిన ఓడలకు కూరగాయలూ మనుషులూ చేరవేసే పని పెద్ద బోట్లవాళ్ల చేతికి పోయి రెండేళ్లయింది. అలమేలు వారంలో నాలుగు రోజులు గుంజకే ఉండేది. మంగ తమ్ముడు సౌకార్‌పేటలో ఒక గోడౌను దగ్గర కాపలా పని చూసి పెట్టాడు. ఇంకొకడి సరుక్కు నేను కాపలానా అని కోటిలింగం ఆ మాటను దగ్గరికి రానివ్వలేదు. రానివ్వకపోయినా ఆ పని ఆడనే ఉంది. కంపెనీ బోటును కాదంటే మిగిలేది అదే.

కంపెనీ కోరికలు కాగితం మీద అచ్చయి వచ్చాయి. ఎదురుగాలిలో కూడా నలభై నిమిషాల్లో ఎన్నూరు చేరే ఇంజను ఉండాలి. తాడు లాగి కాదు, తాళం తిప్పి స్టార్టు చెయ్యాలి. ఎడమన ఎర్రదీపం, కుడిన పచ్చదీపం, హారను ఉండాలి. రెండు వారాలు దాటాక వచ్చే సోమవారం పరీక్ష. కాగితం పైన ఊరి పేరు చెన్నై అని ఉంది. అలమేలు పక్కచెక్క మీద రాసి ఉన్నది ఇంకా మద్రాసే.

పాత ఇంజను తీసి కొత్తది పెట్టాలన్నా, మొత్తం వైర్లు మార్చాలన్నా ఆ రేవులో వెళ్లేది ఆరోగ్యసామి దగ్గరికే. ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డు ఆయనది. వాకిట్లో నీళ్లు నింపిన ఇనుప డ్రమ్ము ఉండేది. బాగుచేసిన ఇంజనును చెక్క స్టాండుకు బిగించి, రెక్కలు ఆ నీళ్లలో మునిగేట్టు పెట్టి గంటసేపు తిప్పి చూపించేవాడు. ఆయన పనిలో ఇంకొక పద్ధతి ఉంది. ఊడదీసిన పాత సామాను, విరిగిన బోల్టు, తెగిన వైరు ముక్కతో సహా గోనెసంచిలో వేసి యజమానికి అప్పగించేవాడు. రేపు ఎవరూ మాట అనకూడదని.

ఓడ నుంచి దించిన నలభై గుర్రాల ఇంజనును ఆయనే వెతికి తెచ్చాడు. వారం రోజులు పని జరిగింది. వారం రోజులూ కోటిలింగం ఒక ముక్కాలిపీట వేసుకొని ఆయన చేతుల దగ్గరే కూచున్నాడు. ఆరోగ్యసామి తుమ్మితే కూడా ఎందుకు తుమ్మాడా అని చూశాడు.

"లింగన్నా, పోయి ఒక టీ తాగి రా పా. ఈడ నేను ఇంజను మింగేసేది ఏమీ లేదు."

"తాగే వచ్చినా. మాటలొద్దు, నువ్వు సుమ్మా పని చూడు."

కొత్త ఇంజను లోపల, నిప్పు పుట్టించే కాయిలుకు మూడు చోట్ల ఎర్రచుక్క పెట్టాడు కోటిలింగం. ఆరోగ్యసామి చూసి, బాగుంది, పెండ్లికూతురు మాదిరి ఉందని ఊరుకున్నాడు.

శనివారం పని ముగిసింది. గోనెసంచి చేతికి వచ్చింది. కోటిలింగం ఇంటికి తెచ్చి నేల మీద కుమ్మరించాడు. చిక్కుపడ్డ పాత వైర్ల మధ్య దొంగ స్విచ్చి ఉంది. తాను పీటమీది నుంచి ఒకే ఒక్కసారి, అదీ ఒంటికి పోవడానికి, లేచినప్పుడు ఆరోగ్యసామి దాన్ని ముందు పలక కింద నుంచి తీసి ఉండాలి. మిగిలిన వైర్లన్నీ లాగి తెంపినవి. స్విచ్చి వైర్లు మాత్రం నీటుగా కత్తిరించి, కొసలకు టేపు చుట్టి ఉన్నాయి.

ఆ టేపు కోటిలింగానికి నిద్ర లేకుండా చేసింది. టేపు చుట్టాడంటే చూశాడు. చూశాడంటే అదేమిటో ఆలోచించి ఉంటాడు. ఆలోచించినవాడు ఎవరికి చెప్పాడో? పోనీ స్విచ్చి లేకుండా ఉందామంటే, ఇప్పుడున్నది నలభై గుర్రాల ఇంజను, దొంగ కన్ను పడేది. ఆరోగ్యసామిని అడిగి పెట్టించుకుంటే ఇంక అది దొంగ స్విచ్చి ఎట్లా అవుతుంది?

ఆదివారం ఆరోగ్యసామి కుటుంబంతో రాయపురం చర్చికి పోయే వేళ చూసుకొని కోటిలింగం బోటు ఎక్కాడు. పాత చోటు ఆరోగ్యసామికి తెలిసిపోయింది కాబట్టి కొత్త చోటు వెతికాడు. బోటు వెనక, ఇంజనుకు ఆనుకొని, అడుగు పలక ఎత్తితే ఒక మూల ఉంది. కొత్త వైర్ల కట్ట దాని పక్కనుంచే పోతుంది. స్విచ్చిని ఒక సబ్బుపెట్టెలో అమర్చి, ఆపే వైరును కొంచెం చెక్కి, తీగెను మెలిపెట్టి, పైన టేపు చుట్టాడు. అలవాటు కొద్దీ సబ్బుపెట్టె మీద కూడా ఒక ఎర్రచుక్క పెట్టాడు. పలక మూసి, పైన కాస్త ఇసుక చల్లి, చేతులు కడుక్కున్నాడు. పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులుంది.

మర్నాడు ఒంటరిగా బయలుదేరాడు. రేవు లోపల ఇంజను పిల్లి గురగురలాడినట్టు నడిచింది. రాతికట్ట దాటి వేగం పెంచాడు. అలమేలు ముక్కు పైకి లేచింది. ఇన్నేళ్లలో ఆ బోటు అట్లా తలెత్తడం ఆయన చూడలేదు. గాలి చొక్కాలో దూరి వీపంతా చల్లబడింది. అంతలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఎంత తాళం తిప్పినా గిర్రుమంటుందే కాని అంటుకోదు. పది నిమిషాలకు దానంతట అదే అంటుకుంది. వేగం పెంచగానే మళ్లీ ఆగింది.

ఇంజనును బండి మీద షెడ్డుకు తెచ్చారు. డ్రమ్ములో గంటంబావు తిరిగింది. ఒక్క దగ్గు లేదు. తిరిగి బోటుకు బిగించారు. రాతికట్ట దాటగానే ఆగింది.

ఇంజనులో తప్పు లేదు, పలకలన్నీ ఎత్తి వైర్లు ఇంకోతూరి చూస్తానని ఆరోగ్యసామి అన్నాడు. పలకలెత్తితే సబ్బుపెట్టె బయటపడుతుంది. వైర్లు కొత్తవే గదా, వాటి జోలికి పోవద్దని కోటిలింగం గట్టిగా చెప్పాడు. చెప్పేసి, ఇంటికి పోతూ దారి పొడుగునా ఆలోచించాడు. డ్రమ్ములో నడిచేది బోటులో ఎందుకు నడవదు? డ్రమ్ములో మంచి కాయిలు పెట్టి చూపించి, బోటుకు బిగించేటప్పుడు వేరేది పెడితే? మరునాడు ఇంజను మూత తెరిచి చూశాడు. కాయిలు మీద మూడు ఎర్రచుక్కలూ ఉన్నాయి. ఒక్క క్షణం తేలికపడ్డాడు. ఆ తర్వాత అనిపించింది, గోళ్ల రంగు ఏ ఫాన్సీ షాపులోనైనా దొరుకుతుంది గదా.

గురువారం ఐసు ఫ్యాక్టరీ ముందు, బోట్లవాళ్లు పదిమంది వింటుండగా, కాయిలు మార్చావు అని అనేశాడు.

ఆరోగ్యసామి జేబులో చెయ్యి పెట్టాడు. ఇరవై రెండేళ్ల పరిచయం. మంగకు కామెర్లు వచ్చినప్పుడు నెల రోజులు ఆయన ఇంటినుంచే గంజి వచ్చేది. షెడ్డు తాళంచెవి తీసి కోటిలింగం చేతిలో పెట్టి, "పోయి ఎతుక్కో" అని మాత్రం అన్నాడు.

ఇంకొకరైతే సిగ్గుపడి వెనక్కి ఇచ్చేవారు. కోటిలింగం వెళ్లి రెండు గంటలు వెతికాడు. గ్రీజు డబ్బాల్లో చెయ్యి పెట్టాడు, మాతా పటం వెనక కూడా చూశాడు. ఏమీ దొరకలేదు. తాళంచెవి తిరిగి ఇస్తూ, "ఈడ పెట్టుకునేంత తెలివితక్కువోడివి కాదులే" అన్నాడు. అంతటితో ఊరుకోక, ఇంక నా బోటు మీద కాలు పెట్టొద్దని కూడా చెప్పి వచ్చాడు.

శుక్రవారం కంపెనీ మనిషి వెంకట్రామ్ రేవుకు వచ్చాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన ముప్పై ఐదేళ్ల ఇంజనీరు. బోటంతా చుట్టి చూసి, దీపాలు వెలిగించి చూసి, సోమవారం వైరింగు చేసిన మెకానిక్కు కూడా బోటులో ఉండాలన్నాడు. ఆయన సంతకం లేకుండా మేం మా మనుషుల్ని ఎక్కించమండీ, అది మా రూలు అన్నాడు.

కోటిలింగం ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూచుంటే మంగే అడిగి సంగతి రాబట్టింది. షెడ్డులో వెతికిన సంగతి ఆమెకు ముందే చేరింది.

"నువ్వు పోయి పిలువు. ఎత్తుకపోయేదానికి ఆయన దగ్గర నీ మర్యాద తప్ప ఏముండాది? అది నువ్వే పారేసి వచ్చినావు."

ఆయన పోలేదు. ఆదివారం చర్చి విడిచే వేళకు మంగే పోయి, వాకిట నిలబడి అడిగి వచ్చింది. ఏమన్నాడని కోటిలింగం అడిగితే, వస్తాడంట అని, ఒప్పుకున్నాడంటే ఇందులో ఏం ఎత్తు ఉందో అని కూడా నువ్వే అనుకో అని లోపలికి పోయింది. ఆమె అన్నదంతా ఆయన అప్పటికే అనుకుంటున్నాడు.

సోమవారం ఏడు గంటలకు ముగ్గురూ ఎక్కారు. వెంకట్రామ్ ముందు, ఆరోగ్యసామి నడుమ, కోటిలింగం వెనక ఇంజను దగ్గర. ఆరోగ్యసామి నమస్కారమైనా పెట్టలేదు. రాతికట్ట దాటారు. కోటిలింగం వేగం పెంచక తప్పలేదు. అలమేలు తలెత్తింది. ఇంజను దగ్గి ఆగిపోయింది.

ఆరోగ్యసామి లేచి మూత తీసి, ప్లగ్గు ఊడదీసి పట్టుకొని తాళం తిప్పమన్నాడు. "నిప్పు లేదు సార్" అన్నాడు వెంకట్రామ్‌తో. బోటు అలల మీద అడ్డం తిరిగి మెల్లగా రాళ్లకేసి జరుగుతోంది. వెంకట్రామ్ గడియారం చూసుకున్నాడు. కోటిలింగం ఆరోగ్యసామి కళ్లలోకి చూడలేక తల దించుకున్నాడు.

అప్పుడు కాళ్లు కనిపించాయి. బోటు ముక్కు లేచినప్పుడు మడమల దాకా వచ్చిన నీళ్లు, ఇప్పుడు బోటు సమం కాగానే వేళ్ల సందుల్లోంచి ముందుకు పారిపోతున్నాయి. ఏ బోటు అడుగునైనా నాలుగు చెంబుల నీళ్లుంటాయి. పాత ఇంజనుతో బోటు ఎప్పుడూ చదునుగా పోయేది, ఆ నీళ్లు ఉన్నచోటే ఉండేవి. ఈ వారం రోజులూ వేగం పెంచినప్పుడల్లా పాదాలకు చల్లగా తగిలింది. చల్లగా తగిలిన మరుక్షణం ఇంజను ఆగింది. తగిలింది గాని ఆయన మనసు కాయిలు మీద ఉంది. ఆ నీళ్లన్నీ వెనక్కి పరిగెత్తి చేరేది పలక కింద ఒక మూలకు. ఆ మూలలో సబ్బుపెట్టె ఉంది. ఉప్పునీళ్లు స్విచ్చిలోకి దిగితే, నొక్కినా నొక్కకపోయినా ఒకటే.

ఆయనకు అంతా ఒకేసారి తెలిసిపోయింది. ఇంకొక సంగతి కూడా తెలిసింది. ఏమీ మాట్లాడకుండా కూచుంటే పది నిమిషాల్లో ఇంజను అదే అంటుకుంటుంది. మెల్లగా రేవులోకి పోవచ్చు. తప్పు ఆరోగ్యసామిదే అని రేవంతా ఇదివరకే నమ్మి ఉంది. కానీ కంపెనీ పని పోతుంది. స్విచ్చి తీయాలంటే ఇద్దరి ముందూ పలక ఎత్తాలి.

రాళ్లు దగ్గరయ్యాయి. కోటిలింగం వంగి పలక ఎత్తాడు. చెయ్యి పెట్టి సబ్బుపెట్టెను పట్టుకొని, తీగెను ఒక్క గుంజు గుంజి తెంపాడు. పెట్టెలోంచి నీళ్లు ధారగా కారాయి. తెగిన చోట టేపు చుట్టి తాళం తిప్పాడు. ఇంజను అంటుకుంది.

"ఏవిటండీ అది?" అన్నాడు వెంకట్రామ్.

కోటిలింగం నోరు తెరిచేలోగా ఆరోగ్యసామి అందుకున్నాడు. "పాత వైరు సార్. తీసేసేది మరిచిపోయినా. నాదే తప్పు."

కోటిలింగం చేతిలో సబ్బుపెట్టె ఉంది. దాని మీద ఎర్రచుక్క ఉంది. నీదనేదానికి గుర్తేదీ అని ఎవరూ అడగక్కర్లేదు.

"ఆయన పని కాదు సార్," అన్నాడు. "ఇది నేను పెట్టినా. ఆయనకు తెలీకుండా. ఎవరైనా బోటు ఎత్తుకపోతారని."

వెంకట్రామ్ ఎన్నూరుకు పోనివ్వమన్నాడు. ఎడమవైపు దూరంగా మనలి చిమ్నీ మంట కదలకుండా నిలబడి ఉంటే, దాన్ని గురుతు పట్టుకొని పోయారు. ముప్పై ఆరు నిమిషాలు పట్టింది. ఇంజను ఒక్కసారి కూడా దగ్గలేదు. తిరిగి వచ్చి బోటును గుంజకు కట్టారు.

ఒడ్డున వెంకట్రామ్ కాగితం తీశాడు. బోటు మాకు నచ్చిందండీ, కానీ ఒక షరతు రాస్తున్నాను అన్నాడు. "ఈ బోటు ఇంజను మీదా వైర్ల మీదా ఈయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. మీది కూడానండి. వారానికోసారి ఈయన చూసి సంతకం పెట్టాలి. ఒప్పుకుంటే ఇక్కడ మీరు, ఇక్కడ ఆయన."

ఆరోగ్యసామి కలం తీసుకోలేదు. కోటిలింగంకేసి చూశాడు. కోటిలింగం ముందు తాను పెట్టి, కలం ఆయనకు అందించాడు. అప్పుడు ఆరోగ్యసామి పెట్టాడు.

వెంకట్రామ్ పోయాక ఇద్దరూ రేవు మెట్ల మీద మిగిలారు. కోటిలింగానికి అడగాల్సిన మాట ఒకటుంది. క్షమించమని అడగడం ఆయనకు చేతకాలేదు, దాని బదులు ఇది అడిగాడు.

"పాత స్విచ్చి కొసలకు టేపు ఎందుకు చుట్టినావు?"

"మళ్లీ పెట్టమంటావని. అడుగుతావని రెండు దినాలు చూసినా."

"అయితే చూసినావు."

"పదకొండేండ్లుగా చూస్తా ఉండా లింగన్నా. సర్వీసుకు వచ్చినప్పుడంతా ముందు పలక కింద చెయ్యి పెట్టి దాన్ని ఆపితేగదా నీ ఇంజను స్టార్టయ్యేది. పని అయినాక మళ్లీ నొక్కిపెట్టి ఇస్తా ఉంటిని."

"ఒక మాటైనా చెప్పలేదే."

"నువ్వు దాచిపెట్టిండేదాన్ని నేనెట్లా చెప్పేది?"

ఆరోగ్యసామి లేచి సామాన్ల సంచి తీసుకొని బోటులోకి దిగాడు. తెగిన తీగె చోటు సరిగ్గా అతకాలి, గంట పని అన్నాడు. కోటిలింగం అలవాటు కొద్దీ ముక్కాలిపీట కోసం చూశాడు. అది షెడ్డులో ఉండిపోయింది.

"పోయి టీ తాగి రా," అన్నాడు ఆరోగ్యసామి, తల ఎత్తకుండా.

కోటిలింగం రోడ్డు దాటి టీ కొట్టుకు పోయాడు. బోటు కనిపించే వైపు బెంచీ ఖాళీగానే ఉంది. ఆయన రెండో బెంచీ మీద, బోటుకు వీపు పెట్టి కూచున్నాడు. టీ వచ్చింది. వీపు మధ్యలో, చెయ్యి అందని చోట, ఒకటే దురద. గ్లాసు ఖాళీ అయ్యేలోగా రెండుసార్లు మెడ తిప్పబోయి ఆపుకున్నాడు. గంట కావడానికి ఇంకా చాలా ఉంది. ఇంకొక టీ చెప్పాడు.